గుడిసె చుట్టూ ఇల్లు

చెల్లెలు సంచీలో ఒక చీర పెడితే అక్క రెండు తీసేస్తోంది. పొద్దుటినుంచీ సర్దగా సర్దగా మధ్యాహ్నానికి సంచీ మొదటికన్నా ఖాళీ అయింది. ప్రయాణానికి ఇంకా రెండు నెలలుంది.

"ఇన్ని బట్టలెందుకే? ఎక్కువుంటే అక్కడే ఉండిపోవాలనిపిస్తుంది," అంది అక్క.

"మూడు వారాలక్కా. ఒక్క చీరతో వెళ్తే వాళ్ళే తరిమేస్తారు."

"మంచిదేగా. తొందరగా వస్తావు."

చర్చి సంఘంలో అందరూ అక్కను గుబులక్క అంటారు. చెల్లెలు దర్జీ. పెళ్ళిబట్టలు కుట్టడానికి నెలకోసారైనా పొరుగూళ్ళు పోతుంది. ఆమె తిరిగొచ్చేదాకా గుబులక్క పచ్చి మంచినీళ్ళయినా ముట్టదు. ఇప్పుడేమో ఏకంగా సముద్రం దాటాలి. వాళ్ళ సంఘమూ, ఆ దేశంలోని ఇంకో సంఘమూ చేతులు కలిపి లేనివాళ్ళకి ఇళ్ళు కట్టిస్తున్నాయి. ఏటా ఇక్కడినుంచి ఒక జట్టు వెళ్ళి, అక్కడివాళ్ళతో కలిసి ఇటుకలు మోసి, ఒక ఇల్లు లేపి వస్తుంది. ఈసారి జట్టులో చెల్లెలు ఉంది.

సాయంత్రానికి అక్క ఏడుపు చాలించి, ఖాళీ అయిన సంచీలో తన చీరలు పెట్టుకుంది. చెల్లెల్ని తన కళ్ళముందే తీసుకెళ్ళి కళ్ళముందే తీసుకొస్తానంది. పాస్టరుగారు ఎంత చెప్పినా వినలేదు. వంటకి మనిషి దొరికిందని జట్టు మేస్త్రి మాత్రం సంబరపడ్డాడు. ఆయన అప్పటికి ఆమె వంట తినలేదు.

ఆ దేశంలో ఆ ఏడు ఇల్లు దక్కింది ఒక ఒంటరి ముసలమ్మకి. ఆమెది రేకులూ గోనెపట్టలూ కప్పిన చిన్న గుడిసె. పాతది పీకేసి ఆ జాగాలోనే పునాది తీయడం జట్టు పద్ధతి. మేస్త్రి గునపం పట్టుకుని వెళ్ళేసరికి ముసలమ్మ గుడిసె నడుమ మంచం మీద కూర్చుని ఉంది. కట్టేదాకా పక్కింట్లో ఉండమంటే తల అడ్డంగా ఊపింది. అక్కడి సంఘపెద్ద బతిమాలాడు. పాస్టరుగారు ప్రార్థన చేశారు. ముసలమ్మ భక్తిగా ఆమెన్ అని, ఇంకాస్త సర్దుకుని కూర్చుంది.

ఆడవాళ్ళయితే నచ్చచెప్పగలరని గుబులక్కను లోపలికి పంపారు. ఆమె వెళ్ళి ముసలమ్మ పక్కన కూలబడింది. ఒకరి భాష ఒకరికి ఒక్క ముక్క రాదు. అయినా పొద్దుగూకేదాకా ఎడతెరిపి లేకుండా మాట్లాడుకున్నారు. మధ్యలో ఒకసారి పోట్లాడుకుని రాజీ కూడా పడ్డారు.

గుబులక్క బయటికొచ్చి మేస్త్రితో, "ఆవిడ కదలదు. చుట్టూ కట్టేయండి," అంది.

మేస్త్రి నెత్తి బాదుకున్నాడు. కానీ రోజులు జారిపోతున్నాయి. చేసేదిలేక గుడిసె చుట్టూ పునాది తీశాడు. ముసలమ్మ మంచం దిగలేదు, గుబులక్క ఆమె పక్కనుంచి లేవలేదు. వంట చెల్లెలి మెడకి చుట్టుకుంది, జట్టు బతికిపోయింది. గోడలు లేచాయి, పైకప్పు వేశారు. ఇక గుడిసె విప్పేద్దామంటే ముసలమ్మ ఒప్పుకోలేదు. వానొచ్చినా తన గుడిసె ఇక తడవదని తెగ మురిసిపోయింది. పాస్టరుగారు గోడకీ గుడిసెకీ నడుమ పక్కకి తిరిగి నిలబడి ప్రతిష్ఠ ప్రార్థన చేశారు. పొట్ట ఇరుక్కోవడంతో ప్రార్థనను బాగా కుదించారు.

తిరుగు ప్రయాణం రోజున బస్సు వచ్చింది. అందరూ ఎక్కారు, గుబులక్క తప్ప. చెల్లెలు ఇంట్లోకి వెళ్ళి, అందులోని గుడిసెలోకి వెళ్ళి చూస్తే అక్క మంచం మీదే ఉంది.

"బస్సొచ్చింది, లేవక్కా."

"నేను రానే."

చెల్లెలు వేళాకోళమనుకుంది. అక్క మొహంలో నవ్వు లేదు.

"నువ్వెప్పుడూ ఎటో ఒకవైపు బయల్దేరుతూనే ఉంటావు. గుమ్మంలో నిలబడి నీ దారి చూసి చూసి అలిసిపోయాను. ఈవిడ చూడు, ఇల్లొచ్చి మీద పడ్డా కదల్లేదు. ఈవిడ దగ్గర నాకు గుబులుండదు."

"మరి నా సంగతి?"

"నీకేమే. నువ్వు వెళ్ళేదానివి."

చెల్లెలు ఇక పొరుగూరి పనులు ఒప్పుకోనని ఒట్టేసింది. ఏడ్చింది. చివరికి అక్క చెయ్యి పట్టుకుని లాగింది. ముసలమ్మ రెండో చెయ్యి పట్టుకుంది. బయట బస్సు హారను మోగుతూనే ఉంది. కాగితాల సంగతి తాము చూసుకుంటామని అక్కడి సంఘపెద్ద గోడ అవతలినుంచి పాస్టరుగారికి చెబుతున్నాడు. ముందుగా చెయ్యి వదిలింది చెల్లెలే.

పాస్టరుగారు, మేస్త్రి, చెల్లెలు, మిగతా జట్టంతా ఆ వారంలోనే ఇళ్ళకు చేరారు. గుబులక్క తిరిగి రాలేదు. ఆ తర్వాత ఆరో ఏట, వానలు మొదలైన నెలలో, అక్కడే పోయింది.