పాత పెట్టె మీద మిగిలిన ఒక్క ఫోను

ఆఖరి రోజున ఆ పాత పెట్టెకు తగిలి ఉన్నది ఒక్క ఫోనే. అది మా వదినది.

టవరు కింది గదిలో ఇంజనీరమ్మ ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది. "చూడు బాబాయ్, అందరూ కొత్త నెట్‌వర్క్‌లోకి వెళ్ళిపోయారు. ఎవరో ఒక్కరు మాత్రం కదలనంటున్నారు. ఆ ఒక్కరి కోసం ఈ దున్నపోతును మేపాలా?"

దున్నపోతంటే పాత రేడియో పెట్టె. మాట్లాడేవాళ్ళున్నా లేకున్నా అది కరెంటు తాగుతూనే ఉంటుంది. కొత్తవి అలా కాదు, పని లేనప్పుడు కునుకు తీస్తాయి, ఎవరైనా పిలిస్తే లేస్తాయి. నాకూ లేదు ఆ భాగ్యం. మొన్నటి గాలివానకు కరెంటు పోతే ఈ దున్నపోతే బ్యాటరీలన్నీ ఊడ్చేసింది. టవరు మూగబోయి, టవరున్న వీధి చివరి ఆసుపత్రివాళ్ళు అంబులెన్సును పిలవలేక నానా అగచాట్లు పడ్డారు. కాబట్టి ఆ పిల్లను తిట్టుకోవడానికి కూడా నాకు దారి లేదు. చదువుకున్నవాళ్ళు తప్పు మాట్లాడితే మనసుకు హాయిగా ఉంటుంది. సరిగ్గా మాట్లాడితేనే కష్టం.

"కొన్నాళ్ళు ఆగకూడదా అమ్మా?" అన్నాను.

"కరెంటు సంగతి అలా ఉంచు బాబాయ్, దీనికి తాళం కూడా సరిగ్గా లేదు. ఎదురుగా ఉన్నది మన టవరో, మాటలు దొంగచాటుగా వినడానికి ఎవడో పెట్టిన దొంగ టవరో పాత ఫోను అడగదు, ఎవరు గట్టిగా పిలిస్తే వాళ్ళ వెంట పోతుంది. సాయంత్రం లోపు తీసెయ్."

మా అన్న ఇల్లు విడిచిపోయి చాలా ఏళ్ళయింది. గొడవ లేదు, అప్పు లేదు. బజారుకు వెళ్ళొస్తానని చెప్పులేసుకుని వెళ్ళాడు, అంతే. ఫోను ఇంట్లోనే వదిలేశాడు. వాడికి కంఠతా వచ్చిన నంబరు అదొక్కటే, తనది. ఎప్పటికైనా దానికే చేస్తాడని వదిన నమ్మకం. ఆ బటన్ల ఫోనును స్నానానికి వెళ్ళినా సబ్బు పక్కన పెట్టుకుంటుంది.

మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి, సాయంత్రం నుంచి ఆ ఫోనూ అందులోని పాత సిమ్మూ పనిచేయవని చెప్పాను. ఆవిడ మిషను మీద బడిపిల్లల చొక్కాలు కుడుతోంది.

"కొత్త సిమ్ము వేయించు మరిదీ. నంబరు అదే ఉంటుందటగా?"

"అది అన్న పేరు మీదుంది వదినా. ఒకరి నంబరు ఇంకొకరు కాజేయకుండా, ఆ మనిషే వచ్చి వేలిముద్ర వేయాలట."

"ఆయనే వచ్చి వేలు పెడితే ఇక ఈ నంబరు నాకెందుకూ?" అని నవ్వింది. మిషను మాత్రం ఆగిపోయింది. "తీసేది నువ్వేగా. మరిచిపోయానని చెప్పు."

"నేను కాకపోతే ఇంకొకడొస్తాడు. ఆసుపత్రి ఉంది వదినా అక్కడ."

వదిన సూదిలోంచి దారం లాగి, మళ్ళీ ఎక్కించింది.

"తీసేశాక ఆయన చేస్తే ఏం వినపడుతుంది?"

"నువ్వు అందుబాటులో లేవని చెబుతుంది. కొన్నాళ్ళు పోయాక ఆ నంబరు ఇంకెవరికో ఇచ్చేస్తారు." చెప్పకూడదనుకున్నదే నోరు జారింది.

"ఇంకెవరికో అంటే? మగవాళ్ళకైనా?"

"ఎవరికైనా."

"ఎవడో మగాడు ఎత్తి హలో అంటే, ఆయన నా గురించి ఏమనుకుంటాడు?"

వదిలేసి పోయినవాడు ఏమనుకుంటే నీకేమని అరవబోయాను. ఆవిడ మొహం చూసి నోరు మూసుకున్నాను.

"ఎవరైనా ఆడమనిషికే ఇమ్మని చెప్పకూడదూ?"

"చెబుతాలే" అన్నాను. ఎవరికి చెబుతాను? నంబర్లు పంచేది కంప్యూటరు.

సాయంత్రం మీట దించాను. పెట్టెలో ఫ్యాను కాసేపు ఊరికే తిరిగి, మెల్లగా ఆగింది. ఇంజనీరమ్మ మీటరు చూసి, "సగానికి సగం తగ్గింది బాబాయ్!" అని చప్పట్లు కొట్టింది. నేనూ తలూపాను. మంచి పనే మరి.

ఇంటికి వెళ్ళేసరికి వదిన గుమ్మంలో నిలబడి ఉంది.

"సిగ్నలు గీతలు పోయాయి" అంది ఫోను చూపించి. "నీ దాంట్లోంచి ఒకసారి దీనికి చెయ్యి. ఆయనకు ఏం వినపడుతుందో నేనూ వింటాను."

చేసి ఇచ్చాను. చెవికి ఆనించుకుని చివరిదాకా వింది. మళ్ళీ చెయ్యమంది. చేశాను.

"ప్రస్తుతం అందుబాటులో లేరు అంటోంది మరిదీ. అసలే లేరు అనట్లేదు. ప్రస్తుతం అంటోంది."

అవునన్నాను. ఇంకోసారి చేసి ఇచ్చాను.