వేడి పడదు

మామయ్య చొక్కా కుడితే కాలరు కత్తిలా నిలబడేది. అలాంటి మనిషి ఇప్పుడు కూర్చోలేక, పడుకోలేక అల్లాడిపోతున్నారు. క్యాన్సర్ తుంటి ఎముకలోకి పాకింది. ముందు గదిలో మా దర్జీ దుకాణం, వెనక గదిలో ఆయన మంచం, మధ్యన ఒక పరదా. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు పరదా వెనక మూలుగు విని, మళ్లీ వస్తామంటూ జారుకునేవారు.

అప్పుడు డాక్టరు నొప్పి పట్టీ రాశాడు. చూస్తే చిన్న ప్లాస్టిక్ ముక్క, అంతే. ఛాతీ మీద అంటిస్తే మందు చర్మంలోంచి కొద్దికొద్దిగా ఒంట్లోకి దిగుతుందట. నల్లమందు జాతిదట, దానికంటే చాలా బలమైనదట. ఆ మాట వినగానే నాకు చెమటలు పట్టాయి. ఇంటికొచ్చి చూసే నర్సమ్మ నా మొహం చూసి నవ్వింది.

"ఈ నొప్పికి ఇదే మందమ్మా. అలవాటైపోతుందేమోనని ఆయన్ని ఏడిపించకండి. అలాగని దీంతో ఆటలొద్దు. కత్తెర పెట్టకూడదు. పాతది తీశాకే కొత్తది వెయ్యాలి. ఈ మందుకి వేడి పడదు. ఎంత లేపినా లేవకపోయినా, ఊపిరి నెమ్మదించినా, కంటిపాప సూదిమొనంత అయిపోయినా, వెంటనే పట్టీ పీకేసి అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి."

కత్తెర మాట అంటున్నప్పుడు ఆవిడ మామయ్య వంకే చూసింది. దర్జీల ఇల్లు కదా, ఏది దొరికినా కత్తిరిస్తారని ఆవిడ భయం. అత్తయ్యా నేనూ పక్కపక్కనే నిలబడి అన్నిటికీ బుద్ధిగా తలూపాం.

పట్టీ పని చేసింది. మామయ్య గోడ పట్టుకుని నడిచి, కత్తిరింపు బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నారు. నా కుట్లు చూసి, "ఇది చొక్కానా, గోనెసంచా?" అన్నారు. తిట్టించుకుని అంత సంతోషపడ్డది నా జన్మలో అదే మొదలు. కానీ నా భయం మాత్రం పోలేదు. ఆయన కునుకు తీస్తే చాలు, మిషన్ ఆపి ఊపిరి వినేదాన్ని. అత్తయ్య నన్ను చూసి, "దానికి చాదస్తం" అని నవ్వేది.

ఆ మధ్యాహ్నం మా ఆయన గుడ్డ కొనడానికి బజారుకి వెళ్లాడు. నేను ముందు గదిలో బొత్తాలు కుడుతున్నాను. పరదా వెనక అత్తయ్య ఇస్త్రీ చేస్తూ, మంచం మీదున్న మామయ్యతో ఏదో అంటోంది. కాసేపటికి ఆవిడ పరదా తప్పించుకుని వచ్చింది, మొహం వెలిగిపోతోంది.

"ఎన్నాళ్లకే, కంటినిండా నిద్రపోతున్నారు!"

నాకు సూది ఆడలేదు. పరదా వెనక గురక వినిపించింది. గురక ఆగింది. మళ్లీ వస్తుందని చూశాను. రాలేదు. ఎప్పటికో ఒకటి వచ్చింది, నీళ్లలోంచి వచ్చినట్టు. లేచి పరిగెత్తాను.

"మామయ్యా! మామయ్యా, లేవండి!"

భుజం పట్టి కుదిపాను. ఉలుకూ పలుకూ లేదు. పెదవులు నీలంగా ఉన్నాయి. కనురెప్ప పైకెత్తితే నల్లటి చుక్క, నిజంగా సూదిమొనంత. నా పై ప్రాణాలు పైనే పోయాయి. చొక్కా గుండీలు తెంపి పట్టీ పీకేశాను. అది నా వేలికి వెచ్చగా తగిలింది.

"అత్తయ్యా, ఇది ఇలా కాలుతోందేంటి?"

"అంచు లేచిపోతుంటేనూ, మడత గుడ్డ ఇస్త్రీపెట్టెతో కాచి మాటిమాటికీ ఒత్తాను. కాలరు లోపల పెట్టే కాన్వాసు అలాగే కదే అంటుకుంటుంది?"

"వేడి పడదని చెప్పిందిగా నర్సమ్మ!"

"అందుకేగా పథ్యం చేయిస్తున్నాను!" అంది అత్తయ్య. "ఒంటికి వేడి చేసేది ఒక్కటి పెట్టానా? పూటపూటా మజ్జిగే పోస్తున్నానే!"

అంబులెన్సుకి ఫోన్ చేశాను. ఫోన్‌లో వాళ్లు చెప్పినట్టు మామయ్య గడ్డం పైకెత్తి పట్టుకుని, పేరు పెట్టి పిలవమన్నారని పేరు పెట్టే పిలిచాను. కోడలు మామగారిని పేరు పెట్టి పిలుస్తోందన్న ధ్యాసే అత్తయ్యకి లేదు. ఆయన కాళ్లు పట్టుకుని కూర్చుంది.

అంబులెన్సువాళ్లు ముక్కులో ఏదో మందు కొట్టారు. మామయ్య కళ్లు తెరిచారు. తెరిచీ తెరవగానే కేక పెట్టారు. మత్తుకి విరుగుడు నొప్పికి తలుపు తీసిందన్నమాట. ఆ కేకకి నాకు ప్రాణం లేచొచ్చింది, అలా అనిపించినందుకు సిగ్గూ వేసింది.

ఆసుపత్రికి వచ్చిన నర్సమ్మ అంతా విని తల పట్టుకుంది. "వేడి అంటే పథ్యమనుకుంటారని నాకు తట్టనేలేదు. ఇస్త్రీ, వేడినీళ్ల కాపడం, ఎండ అని విడమరిచి చెప్పాల్సింది. పట్టీకి బయటి వేడి తగిలితే మందంతా ఒక్కసారిగా దిగిపోతుందమ్మా."

ఇంటికొచ్చేటప్పుడు డాక్టరు బలం తగ్గించి కొత్త పట్టీ ఇచ్చాడు. ఇంట్లో నర్సమ్మ దాన్ని బయటికి తీసేసరికి అత్తయ్య గోడకి అతుక్కుపోయింది.

"నేను ముట్టుకోను. నా చేత్తోనే ఆయన్ని..."

"నువ్వే వెయ్యి," అన్నారు మామయ్య, నొప్పికి పళ్లు బిగించి. "కోడలు టాకా కుట్టు వేసినా వంకరే."

అత్తయ్య కొంగుతో కళ్లు తుడుచుకుని వచ్చింది. అంటించాక అరచేత్తో కాసేపు ఒత్తి పట్టుకోమంది నర్సమ్మ. అత్తయ్య చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"అరచెయ్యి కూడా వెచ్చగానే ఉంటుంది కదమ్మా. ఫర్వాలేదా?"

"ఆ వేడి ఫర్వాలేదమ్మా," అంది నర్సమ్మ.

అత్తయ్య నమ్మలేదు. పెరట్లోకి వెళ్లి కుళాయి కింద చేతులు పెట్టి చాలాసేపు నిలబడింది. తడి పూర్తిగా తుడుచుకుని వచ్చి, పట్టీ అంటించి, దాని మీద అరచెయ్యి ఆనించింది.

"అబ్బా! ఏంటే, మంచుగడ్డలా ఉంది నీ చెయ్యి," అన్నారు మామయ్య.

"ఉండనివ్వండి," అంది అత్తయ్య. చెయ్యి తియ్యలేదు.