రేపటి గిట్టల జాడ

కామిస్తికోల్ సరస్సు మీద మంచు కరిగి గులాబీ రాజహంసలు దిగాయంటే చాలు, బాల్జాన్ ముసలమ్మ ఇంట్లో ఒకటే హడావుడి. ఏటా ఆ రోజుల్లో ఇంటిల్లిపాదీ గుర్రాలెక్కి చిత్తడి నేలల పార్కులోకి పోతారు. రెల్లు దాటాక ఒక మిట్ట ఉంది. అక్కడ గుడారాలు వేసుకుని, పిట్టల్ని చూసుకుంటూ, దేవుడి సృష్టికి దండం పెట్టుకుని తిరిగొస్తారు.

ఆ ఏడు కూడా ప్రయాణానికి ముందురోజు మధ్యాహ్నం పాలు పోసిన టీ చుట్టూ అందరూ చేరారు. పెద్దకొడుకు తోలెగెన్ పంపకాలు మొదలుపెట్టాడు.

"గుడారాలు నల్లగుర్రం మీద. దుప్పట్లు ముసలి గుర్రం మీద. వంట అండా నా బొల్లి మీద."

"నువ్వెక్కితేనే దానికి ఆయాసం. మళ్లీ అండా కూడానా?" అంది అతని భార్య సాగిరా.

"బలిసిన గుర్రమే, దానికేం?"

"నేనన్నది గుర్రం సంగతి కాదులే!"

అందరూ నవ్వారు. చిన్నకోడలు రౌషన్ కూడా నవ్వబోయి, గిన్నెల్లోకి టీ వంపుతూ ఉండిపోయింది.

"అవన్నీ సాయంత్రం రేవు చూశాక తేల్చుకుందాం" అంది ముసలమ్మ.

రేవు చూడకుండా ఆ ఊళ్లో ఎవరూ ప్రయాణం కట్టరు. సరస్సులోకి దిగే చోట మెత్తటి బురద ఉంటుంది. గుర్రాల మీద ఎవరు బయల్దేరినా, పోయేటప్పటి గిట్టల జాడలూ వచ్చేటప్పటివీ ముందురోజు సాయంత్రానికే అందులో పడి ఉంటాయి. మనం బయల్దేరే ముందు మబ్బు పట్టిందేమోనని ఆకాశం చూస్తామే, వాళ్లకు రేవు చూడటం అలాంటిది. ఒక ఏడు సాగిరా గుర్రం బురదలో పొర్లిన గుర్తు కనబడింది. మరునాడు రొట్టెల మూట దానిమీంచి దించేశారు. సాగిరాను మాత్రం దించలేదు. ఆ కోపం ఆవిడకు ఇప్పటికీ ఉంది.

రౌషన్ మనసు ప్రయాణం మీద లేదు. ఆమె భర్త దౌరెన్ పోయి ఏడాది కావస్తోంది. అతను ఎక్కి తిరిగిన గోధుమరంగు ఆడగుర్రానికి, ఆనవాయితీ ప్రకారం, అతను పోయిన రోజునే తోక కత్తిరించి మందలోకి వదిలేశారు. పోయినవాడి గుర్రాన్ని ఏడాదిపాటు ఎవరూ ఎక్కకూడదు, జీను వేయకూడదు, చేత్తో ముట్టుకోకూడదు. ఏడాది విందు రోజున దాన్ని కోసి బంధువులకు వడ్డించాలి. ఆ విందు వచ్చేవారమే.

బతికుండగా దౌరెన్‌ను చూసి మగాడివై ఉండి ఆడగుర్రం ఎక్కుతావేంరా అని స్నేహితులు వెక్కిరించేవారు. "ఇంట్లో ఆవిడ మాట వింటున్నాను, బయట ఈవిడ మాట" అనేవాడు. దాని మెడ మీద చెయ్యేసి నవ్వేవాడు. ఆ చెయ్యి ఆనిన ప్రాణి, రౌషన్ కాక, లోకంలో అదొక్కటే మిగిలింది.

ఒకసారి ధైర్యం చేసి అడిగింది. "అత్తమ్మా, దాన్ని ఉంచేసుకుందామా?"

"దాన్ని పంపకపోతే నా బిడ్డ పరలోకంలో కాలినడకన తిరగాలా?" అంది ముసలమ్మ. రౌషన్ మళ్లీ ఆ మాటెత్తలేదు.

సాయంకాలం అందరూ రేవుకు వెళ్లారు. జాడలు పడి ఉన్నాయి. బొల్లిది, నల్లదానిది, ముసలిదానిది. వాటి వెనకాల ఇంకొకటి. ఎడమ ముంగాలు కాస్త లోపలికి తిప్పి వేసిన అడుగు. అది ఎవరిదో చెప్పుకోనక్కర్లేదు.

తోలెగెన్ ముఖం మాడిపోయింది. వంగి వేలు పెట్టి చూశాడు. "ఊరికే నడిచే గుర్రం అడుగు ఇంత లోతు దిగదు. మీద బరువుంది. బొల్లి అడుగంత లోతూ లేదు. సన్నపాటి మనిషెవరో ఎక్కినట్టుంది." అని తల తిప్పి మరదలి వైపు చూశాడు. "ఏమ్మా, దాన్నెక్కి ఎటైనా పోదామనుకున్నావా? తమ్ముడి విందుకి ఊరంతా వస్తే నేనేం పెట్టాలి?"

"నేను దాని దగ్గరికే వెళ్లలేదు బావగారూ."

"ఇవాళ వెళ్లలేదు. మరి రేపు?"

రేపటి సంగతికి ఎవరు జవాబు చెప్పగలరు? రౌషన్‌కు కళ్లు చెమర్చాయి. వాళ్లకు కనబడకూడదని నీటి వారనే అవతలికి నడిచింది. తిరిగొచ్చే అడుగులు ఉన్నవి అక్కడ. ఆ లోపలికి తిరిగిన గిట్ట ఇక్కడా ఉంది, కానీ ఇప్పుడు తేలిగ్గా పడింది. దాని పక్కనే, దాన్ని ఒరుసుకుంటూ, మరో జాడ. టీ గిన్నె బోర్లించి అద్దినంత. ఒక చోట నిదానంగా, ఒక చోట చిందులు తొక్కుతూ, ఒక చోట అమ్మ కాళ్ల కిందకే దూరిపోతూ.

రౌషన్ బురదలో వంగి చూసి కేకేసింది. "అత్తమ్మా!"

ముసలమ్మ వచ్చి చూసింది. బిస్మిల్లా అనుకుంటూ వంగి, ఆ చిన్న జాడ మీద అరచెయ్యి ఆనించకుండా పట్టింది.

"ఏడాదంతా నాలుగు వేళ్ల మందం కొవ్వు పట్టిందని మురిసిపోయావు కదరా" అంది కొడుకుతో.

"ముట్టుకోకూడదన్నది మీరేగా! ముట్టుకోకుండా లోపల కొవ్వుందో కూనుందో నాకెట్లా తెలుస్తుంది?"

"తప్పు అందరిదీను. చూలుదాన్ని కోసే పాపం మన వంశంలో ఎవరూ చెయ్యలేదు. రేపది మనతో వస్తుంది."

"మరి విందుకి?"

"బలిసిన గుర్రముందని మధ్యాహ్నం ఎవరో అన్నారు" అంది సాగిరా.

తోలెగెన్ ఉలిక్కిపడ్డాడు. "నా బొల్లినా?"

ముసలమ్మ గొంతు తగ్గించింది. "తమ్ముడికి ఒక గుర్రమివ్వడానికి చెయ్యి రాదట్రా నీకు?"

అతను టోపీ తీసి చేత్తో నలుపుతూ సరస్సు వైపు చూశాడు. మళ్లీ పెట్టుకునేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి. "అండా నల్లదాని మీద పెట్టండి. రేపు బొల్లికి బరువొద్దు" అన్నాడు.

మరునాడు రౌషన్ గుర్రమెక్కలేదు. ముసలమ్మ సరేనన్నాక గోధుమరంగు దాని మెడకు మెత్తటి పగ్గం వేసి, పక్కన నడుస్తూ తీసుకెళ్లింది. దాని కోసం అందరూ నెమ్మదిగా సాగారు. ముసలమ్మ గుర్రం మీదనుంచే ఖురాను వాక్యాలు చదువుతూ వచ్చింది.

రెండో తెల్లవారుజామున మిట్ట మీద అది ఈనింది. తడితడిగా, కాళ్లే తప్ప ఒళ్లు లేనట్టున్న కూన. లేచింది, పడింది, మళ్లీ లేచింది. సరిగ్గా అప్పుడే పొద్దు పొడిచి, రాజహంసలన్నీ ఒక్కసారిగా లేచాయి. ఆకాశం సగం గులాబీరంగు రెక్కలే. తోలెగెన్ కూడా రెండు చేతులూ దోసిలి పట్టాడు.

భర్త పోయినప్పటినుంచి రోజూ తెల్లవారగానే రౌషన్ గుమ్మం వైపు తిరిగి అతని గుణాలు చెప్పుకుంటూ శోకం పాడేది. విధవరాలు ఏడాది నిండేదాకా పాడాలి. ఆ గొంతు వినే ఊరు లేచేది. ఇప్పుడూ ఆ వేళ అయింది. సాగిరా చేతిలో గిన్నె కింద పెట్టింది. ముసలమ్మ తల వంచి ఎదురుచూసింది.

రౌషన్ నోరు తెరిచింది.

"కురావ్... కురావ్..."

గుర్రప్పిల్లల్ని పిలిచే పిలుపు అది. కూన చెవులు నిక్కించి, వణికే కాళ్లతో ఆమె వైపు ఒక అడుగు వేసింది.