పన్నెండు డాలర్ల ఎర్ర వైన్

కెనడాలోని వాటర్లూలో మేం పనిచేసే చవక స్టోర్‌లోకి వైన్ కొత్తగా వచ్చినప్పుడు ఆ అరలు చూసుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. సీసా పగిలితే సంజాయిషీ. కొనేవాడి వయసు చూడకుండా అమ్మితే ఉద్యోగం ఊడుతుంది. అందుకని ఆ పని చాందినికి అంటగట్టారు. కరీంనగర్ పిల్ల, నా రూమ్మేట్. వైన్ వాసనే పడదు. ఇంతవరకు ఒక్క చుక్క నోట్లో పోసుకోలేదు.

అయినా నేర్చుకుంది. సీసాలను కాదు, కొనేవాళ్ళను చూసి నేర్చుకుంది. పక్క ఊరు కేంబ్రిడ్జి నుంచి వచ్చే పోర్చుగీసు ముసలాయన పై అరలోని ఖరీదైన సీసాలను దాటేసి, వంగి, కింది అరలోంచి పన్నెండు డాలర్ల పోర్చుగల్ ఎర్ర వైన్ ఆరు సీసాలు బండిలో వేసుకునేవాడు. తన దేశపు సరుకు ఆయనకు తెలియదా? చాందిని ఆయన్ని అడిగింది, ఇటలీ ఆంటీలను అడిగింది, బస్సులో కూర్చుని చదివింది. ఫ్రాన్స్‌లో పేరున్న ఊరి వైన్‌కు బదులు దాని పక్క ఊరిది కొంటే సగం ధరకే వస్తుందని చిన్న కార్డుల మీద రాసి అరలకు అంటించింది. జనం ఆ కార్డులను ఫోటోలు తీసుకునేవాళ్ళు. శనివారం మధ్యాహ్నానికి అరలు ఖాళీ అయ్యేవి.

అప్పుడు ఆ విభాగానికి సూపర్‌వైజర్ కావాలన్నారు. చాందిని అప్లై చేసింది. హోదా కోసం కాదు. విమానాల నిండా వచ్చిపడ్డ స్టూడెంట్లలో మేమూ ఉన్నాం, చదువు అయిపోయింది. ఆమె వర్క్ పర్మిట్‌లో మిగిలింది పద్నాలుగు నెలలు. అరలు సర్దే పని ఎన్నేళ్ళు చేసినా పీఆర్‌కు, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతికి, పనికిరాదు. సూపర్‌వైజర్‌గా ఒక్క ఏడాది చేస్తే పనికొస్తుంది.

ఇంటర్వ్యూలో మేనేజర్ ఆమెకు ఇష్టమైన వైన్ ఏదని అడిగాడు. ఈ పిచ్చిది నిజం చెప్పింది, తాగనని. ఆయన నవ్వాడు. అంతే, అయిపోయింది. ఉద్యోగం డిలన్‌కు ఇచ్చారు. చేరి మూడు నెలలు. స్పెయిన్ సీసాలను ఇటలీ అరలో పెడతాడు. కానీ తాగుతాడు, అదీ అర్హత. పక్క వరసలో కుక్క బిస్కెట్ల సూపర్‌వైజర్‌ను ఏ రుచి ఇష్టమని అడిగారో లేదో నాకు తెలియదు.

సోమవారం అసిస్టెంట్ మేనేజర్ శ్రీహర్ష మా దగ్గరికొచ్చాడు. హైదరాబాద్ మనిషి, పీఆర్ ఎప్పుడో వచ్చేసింది. డిలన్‌కు చాందినే రెండు వారాలు ట్రైనింగ్ ఇవ్వాలట, కార్డులన్నీ ఇకమీదట డిలన్ పేరుతో ఉంటాయట.

చాందిని గొంతు పెంచలేదు. "అన్నా, సూపర్‌వైజర్‌కు పని నేర్పెటోళ్ళను ఏమంటరు మీ దగ్గర?"

"చెల్లీ, గొడవెందుకు. ఈసారికి సర్దుకో. నెక్స్ట్ టైమ్ నేను మాట్లాడతా కదా."

"పద్నాలుగు నెలలున్నయి నాకు. అందుల పన్నెండు పనికి గావాలె. సర్దుకునుడుకు రెండే మిగిలినయి. అవి మీకియ్యను."

శ్రీహర్ష నేల చూశాడు. ఇక్కడ నిలదొక్కుకున్న మనవాళ్ళు ఇలాంటప్పుడు చేసేది అదే, నేల చూడటం.

చాందిని ఏప్రన్ విప్పి ఆయన చేతిలో పెట్టింది. నేను ఆపలేదు. స్టోర్ కిటికీ అద్దంలోంచి చూస్తే బస్‌స్టాప్‌లో తల వంచుకుని నిలబడి ఉంది. ఏడుస్తోందనుకున్నాను. కాదు, ఫోన్‌లో ఇంకో స్టోర్‌కు అప్లై చేస్తోంది.