వేడి గది కార్డులు

తెల్లవారుజామున అయిదింటికి తలుపు తీశాక చేయవలసిన పనులు: మెట్ల మీది దీపం వెయ్యడం. మేడమీద రెండు గదుల్లో కిటికీలు ఓరగా తెరవడం. కింది గదిలో గ్యాస్ హీటర్ వెలిగించి, గోడ మీది ఉష్ణోగ్రత ముల్లు ముప్పై తొమ్మిది మీదికి వచ్చేదాకా దగ్గరుండి చూడడం. పాత తువ్వాలు తడిపి, పిండి, చుట్ట చుట్టి తలుపు కింది సందులో దూర్చడం. గోడ పైభాగాన ఉన్న గాలి జాలీకి అంటించిన టేపు ఊడిందేమో చూడడం, ఊడితే మళ్ళీ అంటించడం. చెప్పులు వరుసగా పెట్టించడం. కార్డు రాయని వాళ్ళ చేత రాయించడం.

ఈ జాబితా ఎవరో ఇచ్చింది కాదు. యోగా కేంద్రంలో బల్ల దగ్గర కూర్చునే అమ్మాయి తన చేత్తో తానే రాసుకుని సొరుగు లోపల అంటించుకుంది. అందరూ ఆమెను ‘డిగ్రీ’ అనేవారు. ఇంటా వంటా లేని చదువు చదివింది కనుక ఆ పేరు పిన్ని పెట్టింది. పిన్ని బట్టలు కుట్టే మనిషి. అక్క కూతుర్ని కాలేజీ గడప తొక్కించాలని పట్టుబట్టి, మిషను ముందు వంగి వంగి భుజం పాడుచేసుకున్నది కూడా ఆవిడే. ఉద్యోగంలో చేరిన నెలలోనే డిగ్రీ చేసిన మొదటి పని పిన్నిని తీసుకొచ్చి వేడి గదిలో, అంటే కాగబెట్టిన ఆ కింది గదిలో ఆసనాలు వేయించే క్లాసులో, చేర్పించడం.

“ఏమే డిగ్రీ, ఈ పరీక్ష ఎన్నాళ్ళు రాయిస్తావే నాచేత? మూడో క్లాసు దగ్గరే పరీక్షలకి దణ్ణం పెట్టేశాను కదా,” అంటూ పిన్ని ప్రతి నెలా మొదటి రోజున పెన్ను వెతుక్కునేది.

“రెండు ముక్కలే పిన్నీ. నీకు ఏ యోగా ఇష్టం, ఎందుకిష్టం. అంతే.”

“ఎందుకిష్టమో చెప్పాలా? మొగుణ్ణి ఎందుకు చేసుకున్నావని కూడా నన్నెవరూ అడగలేదు!”

అది కేంద్రం నడిపే మాస్టారు పెట్టిన పద్ధతి. ఎవరు ఏ సాధన చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో నెలకోసారి కార్డు మీద రాయాలి. మనిషి తన కారణం తనకు తెలిసి చేస్తేనే అది యోగా, లేకపోతే ఒళ్ళు విరుచుకోవడమే అని ఆయన నమ్మకం. మాస్టారు మంచివాడు. గొంతు పెంచి ఎరగడు. నెల తిరిగేసరికి ఆ కార్డులన్నీ చదివి, వరండాలో బోర్డు మీద గుచ్చేవాడు.

చలి మొదలైన కొత్తలో కింది గది సరిగా కాగడం లేదని ఆయన నొచ్చుకున్నాడు. జాలీలోంచి వెచ్చదనమంతా పోతోందని కనిపెట్టింది డిగ్రీ. నిచ్చెన వేసుకుని వెడల్పాటి టేపుతో మూడు వరుసలు మూసేసింది. తలుపు సందుకి తడి తువ్వాలు కూడా ఆమె ఆలోచనే. మర్నాడు గది కుంపటిలా కాగింది. “చదువుకున్న బుర్ర అంటే అదీ,” అన్నాడు మాస్టారు అందరి ముందూ. పిన్ని మెడ జానెడు పొడుగు సాగింది.

ఆ తర్వాత రెండు వారాలకి, రోజూ ఆరింటి క్లాసుకి వచ్చే బస్సు డ్రైవరు బయటికొచ్చి గోడ పట్టుకుని నిలబడ్డాడు.

“ఏంటన్నా, బండి ఆగిపోయింది?” అంది పిన్ని, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ.

“దిమ్మ తిరుగుతోందక్కా. కడుపులో తిప్పుతోంది.”

మాస్టారు వచ్చి అతని వీపు మీద చెయ్యి వేశాడు. “మంచిదేనయ్యా. లోపల ఏళ్ళ తరబడి పేరుకున్నది కదులుతోంది. నాకూ ఈమధ్య తల పోటుగానే ఉంటోంది. పోతుంది. ఓర్చుకోవాలి.”

అయిదు నిమిషాలు చల్లగాలిలో నిలబడేసరికి డ్రైవరు తేరుకున్నాడు. చూశారా అన్నట్టు మాస్టారు నవ్వాడు. మర్నాడు మరొకావిడకి అలాగే అయింది. ఆ మర్నాడు ఇద్దరికి. వాళ్ళు భయపడకపోగా ఒకరికొకరు చెప్పుకుని మురిసిపోయారు. తలనొప్పి రానివాళ్ళు తమ సాధనలో లోపమేమిటని దిగులుపడ్డారు.

డిగ్రీకి మాత్రం ఏదో తేడాగా అనిపించేది. ఒకసారి మెట్ల దగ్గర ధైర్యం చేసి అడిగింది. “మాస్టారూ, మేడమీద చేసేవాళ్ళకి ఒక్కరికీ ఇలా లేదు కదండీ?”

“మేడమీద వేడి లేదు కదమ్మా. వేడే కదా మందు.”

అన్నం పెట్టే చోట పెద్దాయనకి ఎదురు చెప్పడం ఆమె పెరిగిన ఇంట్లో లేదు. తల ఊపి బల్ల దగ్గరికి వచ్చేసింది. పిన్ని భుజం తగ్గింది కదా అని సర్దిచెప్పుకుంది. తగ్గిన మాట నిజమే. పిన్ని చెయ్యి పైకెత్తి అటక మీది డబ్బా దించగలుగుతోంది. కాకపోతే క్లాసు నుంచి ఇంటికెళ్ళి మిషను మీదే తల వాల్చి మొద్దునిద్ర పోతోంది. ముగ్గురు గిరాకీలు తలుపు తట్టి వెళ్ళిపోయారట.

కేంద్రం పెట్టి పదేళ్ళయిన సందర్భానికి ఆ ఏడాది కార్డులన్నీ ఒక చిన్న పుస్తకంగా వెయ్యాలని మాస్టారు అనుకున్నాడు. టైపు చేసే పని డిగ్రీది. ఆ ఉదయం ఆరింటి క్లాసు లోపలికి వెళ్ళగానే ఆమె కార్డులు గదుల వారీగా పేర్చుకుని కూర్చుంది. మేడమీదివి చదువుతూ తనలో తానే నవ్వుకుంది.

‘అష్టాంగ. రోజూ అదే వరుస. ఆలోచించే పని లేదు. ఆలోచనలకి ఇల్లుంది.’

‘యిన్. ఒక్క ఆసనంలో అయిదు నిమిషాలు కదలకూడదు. ఆ అయిదు నిమిషాలూ నన్నెవరూ నీళ్ళడగరు.’

‘కుర్చీ యోగా. నా మోకాళ్ళు నావి కావు, ఇద్దరు డాక్టర్లు పంచుకున్నారు.’

ఎవరి గొడవ వాళ్ళది. ఎవరి కారణం వాళ్ళది. పన్నెండు నెలల కార్డుల్లో ఒకరు రాసినది ఇంకొకరు రాయలేదు.

తర్వాత వేడి గది కట్ట విప్పింది. వేసవిలో రాసినవి కూడా అలాగే ఉన్నాయి. ‘చెమట పడితే కోపం దిగుతుంది’ అని డ్రైవరు. ‘భుజానికి. ఇంకేం లేదు, మా అక్క కూతురు ఊరుకోదు’ అని పిన్ని. చలి మొదలయ్యాక రాసినవి టైపు చేస్తుంటే ఆమె వేళ్ళు నెమ్మదించాయి.

‘తల దిమ్మెక్కి తేలిపోతుంది, బాగుంటుంది.’ అది డ్రైవరుది. ‘తల తేలిపోతుంది.’ ‘మొదట తలపోటు, తర్వాత మత్తులా హాయి.’ ‘వాంతి వచ్చినట్టై, విషమంతా పోతుంది.’ ‘తల తేలికై నిద్ర ముంచుకొస్తుంది.’ పద్నాలుగు మంది. పద్నాలుగు చేతిరాతలు. మాట ఒక్కటే. చివర పిన్ని కార్డు: ‘హీటరు గోడ పక్క చోటు నాది, ఎవరికీ ఇవ్వను. పడుకుంటే లేవబుద్ధి కాదు.’

డిగ్రీ చదివింది రసాయనశాస్త్రం. మూసి ఉన్న చోట మంట మండితే ఏం పుడుతుంది, దానికి రంగు ఉంటుందా, వాసన ఉంటుందా, అది మనిషి రక్తంలో ఏం చేస్తుంది, మొదటి లక్షణాలేమిటి అన్నది రెండో ఏడాది పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్న. అయిదుకి అయిదూ వచ్చాయి ఆమెకి. ఆ జవాబు ఇప్పుడు పద్నాలుగు ముక్కలై బల్ల మీద పరుచుకుని ఉంది.

కుర్చీ వెనక్కి పడిపోయిన చప్పుడు కూడా ఆమెకి వినిపించలేదు. మెట్లు దిగి కింది గది తలుపు పిడి మీద చెయ్యి వేసింది. సరిగ్గా అప్పుడే లోపల గంట మోగింది.

ఆ కేంద్రంలో అన్నిటికంటే గట్టి నియమం ఒకటుంది. మొదటి గంటకి అందరూ వెల్లకిలా పడుకుంటారు. రెండో గంట దాకా తలుపు తీయకూడదు, మాట్లాడకూడదు, ఎవరినీ ముట్టుకోకూడదు. ఆలస్యంగా వచ్చిన ఎంతోమందిని ఆ తలుపు దగ్గర ఆపి మందలించింది ఆమే. ఒకసారి కొడుకు బడిలో పడ్డాడని వచ్చిన తండ్రిని కూడా భార్య బయటికొచ్చేదాకా నిలబెట్టింది.

ఆమె చెయ్యి పిడి మీదే ఆగిపోయింది. ఇవి కార్డులే కదా అనుకుంది. ఒకరిని చూసి ఒకరు రాసి ఉంటారేమో. తీరా తలుపు తోసుకుని వెళ్తే ఏమీ లేకపోతే? ‘చదువుకున్న బుర్ర’ అన్న మనిషి ఎలా చూస్తాడు? రెండో గంట ఎంతసేపు, ఇప్పుడు మోగుతుంది. మోగాక నెమ్మదిగా చెబుదాం.

తలుపు వెనక ఎవరూ దగ్గలేదు. ఎవరూ కదిలిన అలికిడి లేదు. మామూలుగా పిన్ని గురక వినబడేది, అందరూ ఎగతాళి చేసేవారు. ఆమె తలుపుకి చెవి ఆనించింది. హీటరు బుసబుసమంటోంది. అంతే.

నాలుగు నిమిషాలు. తర్వాత ఎన్నిసార్లు లెక్కపెట్టుకున్నా నాలుగే.

రెండో గంట మోగలేదు.

ఆమె భుజంతో తలుపు తోసింది. తడి తువ్వాలు అడ్డంపడి తలుపు జానెడే తెరుచుకుంది. కాలితో తన్నింది. మాస్టారు గోడకి ఆనుకుని, గంట ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు సగం తెరిచి ఉన్నాడు. ఆమెను చూసి పెదవుల మీద వేలు పెట్టుకోబోయాడు. వేలు అంత దూరం రాలేదు.

“లేవండి! అందరూ లేవండి! బయటికి!” ఆమె గొంతు చించుకుంది. ఇద్దరు లేచి మళ్ళీ కూలబడ్డారు. డ్రైవరు మోచేతుల మీద పాకాడు. మేడమీది వాళ్ళు పరుగెత్తుకొచ్చారు, ఒక్కొక్కరినీ చాపతో సహా వరండాలోకి లాగారు. గ్యాస్ ఎవరు కట్టేశారో ఆమెకి తెలియదు. ఆమె హీటరు గోడ దగ్గరికి వెళ్ళింది.

పిన్ని బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. ఆ మొహంలో అంత ఆరోగ్యం డిగ్రీ ఎన్నడూ చూడలేదు. అందుకే భయం వేసింది.

ఎవరూ పోలేదు. ఆసుపత్రిలో కార్బన్ మోనాక్సైడ్ అని తేల్చి, ముక్కుకి గొట్టాలు పెట్టి ఆక్సిజన్ ఎక్కించారు. హీటరు విప్పి చూసిన మెకానిక్ పొగగొట్టం అతుకు ఎప్పుడో ఊడిపోయిందన్నాడు. “పైన జాలీ ఎవరు మూశారో గానీ,” అని తల అడ్డంగా తిప్పాడు. “నేనే,” అంది డిగ్రీ. మాస్టారు కేంద్రం మూసేసి, ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళి చేతులు పట్టుకుని తప్పు ఒప్పుకున్నాడు.

పిన్ని రెండో రోజు సాయంత్రం కళ్ళు తెరిచింది. నాలుగో రోజు ఇంటికొచ్చింది.

“ఏడవకే పిచ్చిమొహమా. పోయినా పడుకునే పోయేదాన్ని. ఎంతమందికి దొరుకుతుందే ఆ అదృష్టం?”

“నేను బయటే ఉన్నాను పిన్నీ. నాలుగు నిమిషాలు నిలబడిపోయాను.”

“నిలబడ్డా చివరికి వచ్చావు కదా. పో, నాకు కాస్త వేడిగా ఏదైనా తాగడానికి తీసుకురా.”

నెలా రెండు నెలలు కనిపెట్టి ఉండమని డాక్టరమ్మ చెప్పి పంపింది. కొందరికి బాగైనట్టే అయి, ఆ విషవాయువు దెబ్బ మెదడు మీద మళ్ళీ తిరగబెడుతుందట. మూడు వారాలు ఏమీ లేదు. పిన్ని మిషను ఎక్కింది, జాకెట్లు కుట్టింది, గిరాకీలతో పోట్లాడింది. డిగ్రీ రోజూ రాత్రి గుండెల మీద చెయ్యి వేసుకుని పడుకోవడం మొదలుపెట్టింది.

నాలుగో వారంలో పిన్ని ఒక చొక్కా మెడకి చెయ్యి కుట్టింది. ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు. ఇంకో రెండు రోజులకి కత్తెర పట్టుకుని దాన్ని ఏమంటారని అడిగింది. అప్పుడు ఇద్దరూ నవ్వలేదు. ఆ తర్వాత పిన్ని మాటలు ఒక్కొక్కటే జారిపోసాగాయి. ఇల్లు తెలియలేదు. వీధి తెలియలేదు. డాక్టరమ్మ మందులు మార్చింది, ఓపిక పట్టమంది, కొందరికి జ్ఞాపకం తిరిగి వస్తుందంది.

ఒకరోజు డిగ్రీ బయటి నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే, పిన్ని మిషను ముందు నుంచి గబగబా లేచి, చెంగు సర్దుకుని, కుర్చీ ముందుకు జరిపింది. కళ్ళల్లో ఎంతో మర్యాద.

“రండి, కూర్చోండమ్మా. మీరు దేనికి కొలతలివ్వాలి?”

డిగ్రీ కూర్చుంది. చేతులు చాపింది. పిన్ని టేపు తీసి భుజం నుంచి మణికట్టు దాకా కొలిచింది, మళ్ళీ కొలిచింది, అంకె చెప్పబోయి ఆగిపోయింది.

పిన్నికి జ్ఞాపకం తిరిగి వస్తుందో రాదో ఇది రాసేనాటికి తెలియదు. తనెవరో ఆమెకి ఇప్పుడు తెలియదు. అందుకని చదివినవాళ్ళని ఒక్కటే అడగడం: పెదాల మధ్య నాలుగు గుండుసూదులు పట్టుకుని కూడా గలగలా మాట్లాడగలిగిన, పెళ్ళిబట్టలు అడిగిన రోజుకంటే ఒకరోజు ముందే ఇచ్చిన, బీదింటి పిల్లల గౌనులకి అడక్కుండానే జేబు పెట్టి పంపిన ఒక కుట్టుపని మనిషి ఉండేది. ఆవిణ్ణి మీరు గుర్తుంచుకోండి.