సన్యాసయ్యకు తెలియని సంగతి

సన్యాసయ్య ఆఖరున తన జోళ్ళు కూడా గోనెసంచిలో వేసి, మూతిని పురికొసతో బిగించి, సంచిని స్టూలు కిందకి తోశాడు. కిటికీలు మూశాడు. తలుపు గడియ పెట్టి, సీలింగు ఫ్యాను ఆఖరి నంబరుకి తిప్పాడు. ఆ ఫ్యాను రొదలో పక్కవాడి మాట పక్కవాడికే వినపడదు కాబట్టి వీధిలోకి పోయే ప్రమాదం లేదని అతని ధీమా.

“ఇక కానీండి బాబూ” అన్నాడు. వర్తక సంఘం వారి లోపలి సమావేశం మొదలైంది.

రాయగడ కొత్తగా జిల్లా అయిన రోజులవి. సంఘానికి బయటి సమావేశాలని, లోపలి సమావేశాలని రెండు రకాలుండేవి. బయటి వాటికి ఎవరైనా వచ్చి కూర్చుని టీ తాగి పోవచ్చు. లోపలి వాటికి కమిటీ షావుకార్లూ, రాసే గుమాస్తా సన్యాసయ్యా తప్ప ఈగ కూడా ఉండకూడదు. గుమ్మం దగ్గర జోళ్ళుంటే లోపల ఎవరెవరున్నారో దారినపోయేవాడు ఇట్టే చెప్పేస్తాడని, వాటిని సంచిలో కట్టే పద్ధతి పెట్టింది సన్యాసయ్యే. దాని వల్ల సమావేశం అయ్యాక ఎవరి జోళ్ళు ఎవరి కాళ్ళకి వెళ్ళాయో తెలియక, సాయంత్రం దాకా ఇంటింటికీ మార్పిళ్ళు జరిగేవి. ఆ మార్పిళ్ళను బట్టి ఎవరెవరు వెళ్ళారో ఊరు చక్కగా లెక్క కట్టుకునేది. ఈ ముక్క సన్యాసయ్యకి చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

మనిషి పొట్టి. మెడ కొంచెం ముందుకి వంగి ఉంటుంది. కుడి చేతి నడిమి వేలి మీద పెన్ను ఒత్తిన కాయ. లారీ టైరు కోసి కుట్టించిన జోళ్ళు, తెగిన పట్టీకి రాగి తీగ చుట్టు. రహస్యం అంటే అతనికి మహా భక్తి. సమావేశంలో పకోడీలు పెట్టారా, మిక్చరు పెట్టారా అని భార్య గున్నమ్మ అడిగితే “అది లోపలి సంగతి” అనేవాడు. ఒకసారి సమావేశంలోనే స్టూలు మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఎలా పడ్డావని డాక్టరు అడిగితే ఆయనకీ అదే జవాబు. కట్టు కట్టించుకున్నాడు గాని నోరు విప్పలేదు.

ఆ ఆదివారం ప్రెసిడెంటు పెద్దబ్బాయి షావుకారు గొంతు సవరించుకుని, నేల చూపులు చూశాడు. పోయిన నెల లోపలి సమావేశంలో దసరా చందా సగానికి కోయాలని అనుకున్నారు. పొద్దు గుంకకుండానే పూజ కమిటీ వాళ్ళు డప్పులతో సహా ఆయన కొట్టు ముందుకి వచ్చేశారు. మాట ఎలా బయటికి పోయింది?

“సన్యాసయ్యా, ఒక్కసారి బయటికెల్లు” అన్నాడు పెద్దబ్బాయి.

“నానెల్తే రాసేదెవులు బాబూ?”

కోశాధికారి అసిరయ్యే తెగించాడు. “సరే, కూకో. కానీ ఇనకు.”

“ఇనకుండా ఎలాగ రాత్తాను బాబూ?”

“ఎవుడో పరాయోడి గురించనుకొని రాసీ.”

సన్యాసయ్య అలాగే అనుకుని రాశాడు. లోపలి సంగతులు గుమాస్తా వల్ల బయటికి పోతున్నవని సభ్యులు అనుమానించడమైనది అని రాశాడు. నెలాఖరుతో సదరు గుమాస్తాను, అని పెన్ను ఆపి తలెత్తాడు. “తొలగించడమైనదని రాయాలా బాబూ, విరమింపజేయడమైనదని రాయాలా?”

“రెండోది గౌరవంగుంది” అన్నాడు అసిరయ్య, చెమట తుడుచుకుంటూ.

ఆఖరి వాక్యం పెద్దబ్బాయి స్వయంగా చెప్పాడు. ఈ సంగతి నెలాఖరు వరకూ సదరు గుమాస్తాకు ఎంతమాత్రమూ తెలియనీయరాదు. సన్యాసయ్య ఆ వాక్యాన్ని గుండ్రటి అక్షరాలతో రాసి, నిబంధన ప్రకారం మొత్తం పైకి చదివి వినిపించాడు. సాక్షాత్తూ తనని, ప్రాణంలా రహస్యాలు కాచిన తనని అనుమానించారని అతనికి ఏడుపొచ్చింది. అయినా పరాయివాడి గురించి ఏడవడం ఏమిటని ఊరుకున్నాడు.

సంచి మూతి విప్పడమే తడవు, షావుకార్లు మొహం చాటేసి, కాళ్ళకి దొరికిన జోళ్ళలో దూరి వెళ్ళిపోయారు. సన్యాసయ్యకి ఇంకా పనుంది. పుస్తకాన్ని ఎర్రగుడ్డలో చుట్టాలి, దారం కట్టాలి, కొవ్వొత్తి మీద లక్క కరిగించి ముడి మీద పోయాలి, ఇత్తడి ముద్ర నొక్కాలి, లక్క ఆరేదాకా కూర్చోవాలి, బీరువాలో పెట్టి తాళం లాగి చూడాలి. అన్నీ తీరుబడిగా అయ్యాక సంచి దులిపితే ఒకే జత రాలింది. విజయనగరంలో కొన్న కిర్రుజోళ్ళు, ప్రెసిడెంటు గారివి. భోజనాల వేళ పెద్దింటికి వెళ్ళడం బాగుండదని, వాటినే ఈడ్చుకుంటూ ఇంటిదారి పట్టాడు. దారిలో మంగలి కొట్టు దగ్గర కబుర్లు ఆగిపోయాయి. ఎప్పుడూ డబ్బులు ముందడిగే కిళ్ళీకొట్టువాడు పిలిచి మరీ ఊరికే కిళ్ళీ ఇచ్చాడు.

గున్నమ్మ కంచంలో అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“నెలాఖరికి మానిపించీసేరట గదా?”

సన్యాసయ్య ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగింది. “ఎవుల్ని?”

“నిన్నే!”

“నాకేటీ తెలీదు.”

“పెద్దబ్బాయిగోరింటికి, పాపాయమ్మగోరి కాడికి పప్పు బాగుసెయ్యడానికెల్నాను. షావుకారు పరిగెట్టుకొచ్చి, మంచినీలైనా తాక్కుండా ఆవిడికి సెప్పీసేడు. మీ ఆయనకి సెప్పకే అని ఆవిడ నాకు సెప్పింది. ఊరందరికీ తెలిసింది, నీకు తెలీదేటి?”

“నెలాఖరు దాకా తెలీదు” అన్నాడు సన్యాసయ్య, అన్నం కలుపుకుంటూ.

గున్నమ్మ అతని చెయ్యి కడిగించి, కిర్రుజోళ్ళు తొడిగించి, పెద్దబ్బాయి ఇంటికి లాక్కుపోయింది. అక్కడ గుమ్మం ముందు, ఒకటి లోపలికీ ఒకటి వీధివైపుకీ తిరిగి, సన్యాసయ్య టైరు జోళ్ళు పడున్నాయి. షావుకారు ఎంత ఆత్రంగా పరిగెత్తాడో అవే చెబుతున్నాయి.

“బాబూ, మా ఆయన మాటలు బయటికి మోసేడన్నారట. మరి నాకీ మాట ఎవులు మోసేరు?” అంది గున్నమ్మ, ఆ జోళ్ళకేసి చూపిస్తూ.

పెద్దబ్బాయి జోళ్ళు చూశాడు, వెనక నిలబడ్డ భార్య పాపాయమ్మను చూశాడు. దసరా చందా మాట కూడా ఏ గుమ్మంలోంచి పోయిందో అప్పుడు తట్టి, మనిషి చెట్టంత వాడు కుదించుకుపోయాడు.

“తప్పయిపోనాది సన్యాసయ్యా. ఆ తీర్మానం కొట్టీద్దుం.”

“ఏ తీర్మానం బాబూ?”

“అదే... పొద్దున్న నువ్వు రాసింది.”

“నాకు తెలీకూడదని రాసుంది బాబూ. తెలీని సంగతికి నాను సెమించడం ఎలాగ?”

సన్యాసయ్య మొలతాడుకున్న బీరువా తాళంచెవి విప్పి, అరుగు మీది కుర్చీ చేతి మీద పెట్టాడు.

“నా అంతట నానే మానేత్తన్నాను బాబూ. ఈ మాట మాత్రం ఎవులికైనా సెప్పుకోవచ్చు. ఇది లోపలి సంగతి కాదు.”

అరుగు దిగి వెళ్ళిపోయాడు. అన్నేళ్ళు షావుకార్లందరి జోళ్ళూ భద్రం చేసిన మనిషి, కిర్రుజోళ్ళు గుమ్మంలో విడిచి, పక్కనే ఉన్న తనవి తొడుక్కోవడం మరిచి, ఉత్తికాళ్ళతో ఎండలో నడిచిపోయాడు. గున్నమ్మ కూడా చూసుకోలేదు. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ బోరిగుమ్మలో ఉన్న కూతురు రామతులసి దగ్గరికి బస్సెక్కేశారు.

తరవాత సంఘంలో లోపలి సమావేశాలు జరిగాయి గాని, సంచి కట్టేవాడు లేడు. జోళ్ళన్నీ గుమ్మం బయటే ఉండేవి. దారినపోయేవాళ్ళకి వాటిని చూడాలన్న సరదా కూడా పోయింది.

పెద్దబ్బాయి ఇంట్లో మాత్రం పనిమనిషి రోజూ సన్యాసయ్య జోళ్ళ చుట్టూ తుడిచేది గాని, షావుకారు వాటిని తీయనిచ్చేవాడు కాదు. రాగి తీగ చుట్టిన టైరు జోళ్ళు, ఒకటి లోపలికీ ఒకటి వీధివైపుకీ తిరిగి, ఆ గుమ్మం ముందు అలాగే ఉండిపోయాయి.