లాసటర్‌ను పంపిన ఖరీదు

కోల్బీ లాసటర్‌ను పడమటి తీరం జట్టుకు ఇచ్చేసిన రోజు టొలీడో ఊరు ఊరంతా దుఃఖపడింది. నాకు దుఃఖం రాలేదు, ఒళ్ళు మండింది. ఏడాది కావస్తోంది, ఇంకా మండుతూనే ఉంది.

నా పేరు లీలండ్ స్ట్రౌస్. టొలీడో గ్లేజియర్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో పందొమ్మిదేళ్ళు ఆటగాళ్ళ జీతాల లెక్క చూశాను. ఏ జట్టయినా ఏడాదికి ఆటగాళ్ళ మీద ఇంతకు మించి ఖర్చు చూపించకూడదని లీగ్ ఒక గీత గీస్తుంది. మార్చిలో కొత్త ఏడాది మొదలయ్యే రోజు సాయంత్రం నాలుగింటికల్లా లెక్క ఆ గీతకు లోపల ఉండి తీరాలి. యజమాని ఎంత కోటీశ్వరుడైనా గీత గీతే. కాకపోతే అది ఆటగాళ్ళకే. వాళ్ళను కొని అమ్మే జనరల్ మేనేజర్ జీతానికి గీతా లేదు, గోడా లేదు. మా మేనేజర్ క్రెయిగ్ బెలింజర్ ఆ ముందు డిసెంబరులోనే ఇంకో ఐదేళ్ళకు ఒప్పందం రాయించుకున్నాడు.

గీత దాటకుండా తప్పించుకునే దొడ్డిదారి ఒకటుంది, అన్ని జట్లూ తొక్కేదే. జీతంగా ఇవ్వాల్సిన డబ్బుకు బోనస్ అని పేరు మార్చి ఇవాళే చేతిలో పెడతారు. లెక్కలో మాత్రం దాన్ని ముక్కలు చేసి రాబోయే ఏళ్ళ మీద వేస్తారు. బంతి విసిరి ఆట నడిపే మా క్వార్టర్‌బ్యాక్ లాసటర్‌కు మూడేళ్ళు వరసగా అదే చేశాం. చేసిన ప్రతిసారీ ముందుంది ముసళ్ళ పండగ అని నేను మొత్తుకున్నాను. ఆటగాడు జట్టులో ఉన్నంతకాలమే ఆ ముక్కలు ముక్కలుగా ఉంటాయి. పంపించేశామా, మిగిలినవన్నీ కలిసి ఒకేసారి ఆ ఏడాది నెత్తిన పడతాయి. అతను వేరే ఊళ్ళో వేరే చొక్కా తొడుక్కుని బంతి విసురుతుంటాడు, అతని ఖర్చు మాత్రం మన లెక్కలో తిష్ఠ వేసుకుని కూర్చుంటుంది.

లాసటర్ విషయంలో అది ఆరు కోట్ల పది లక్షల డాలర్లు. మొత్తం జట్టుకు ఉన్న హద్దులో అయిదో వంతు కంటే ఎక్కువ. దాన్ని రెండేళ్ళ మీద పంచుకునే వీలు కూడా ఉంది, జూన్ ఒకటో తేదీ దాటాక పంపిస్తే చాలు. ఫిబ్రవరిలో లాసటర్ కోచ్‌తో గొడవపడి నేనిక ఇక్కడ ఆడనన్నప్పుడు, నేను బెలింజర్ గదికి వెళ్ళి ఆ మాటే చెప్పాను. మూడు నెలలు ఆగండి, అలిగినవాణ్ణి అలగనివ్వండి, జూన్ రాగానే సాగనంపుదాం అన్నాను. కానీ కాలేజీ కుర్రాళ్ళను వంతులవారీగా ఎంచుకునే పండగ ఏప్రిల్‌లో. లాసటర్‌కు బదులుగా వచ్చే రెండు వంతులూ బెలింజర్‌కు ఆ ఏప్రిల్‌కే కావాలి. ఆ రాత్రి టీవీలో మూడు ఫోన్ల మధ్య కూర్చుని గొప్పగా కనిపించాలి. జూన్‌లో పంపితే వచ్చేది పై ఏడాది వంతులు. వాటికి చప్పట్లు కొట్టేవాడెవడు?

"లీ, నీది లెక్కల బుర్ర," అన్నాడు. "ఆట సంగతి నాకొదిలెయ్యి."

సరే, వదిలేశాను. మార్చిలో ఆ బుధవారం పొద్దున్న లాసటర్ కాగితాలు లీగ్‌కు వెళ్ళిపోయాయి. ఆరు కోట్ల పది లక్షలూ దబ్బున వచ్చి పడ్డాయి. అందాకా ఎవరెవరినో తీసేసి, ఎవరెవరి జీతాలో సర్ది చూశాం. పదకొండింటికి ఇంకా డెబ్భై లక్షలు గీతకు అవతలే ఉన్నాం. నాలుగింటికి అయిదు గంటలే గడువు.

"సాబోను తీసెయ్," అన్నాడు బెలింజర్, కాఫీలో పంచదార వేసుకుంటూ.

డ్వేన్ సాబో మా సెంటర్. ప్రతి ఎత్తుకూ ముందు వంగి, బంతిని కాళ్ళ మధ్య నుంచి వెనకనున్న క్వార్టర్‌బ్యాక్‌కు అందించి, మరుక్షణం మూడొందల పౌన్ల మనిషిని గుండెతో ఆపేవాడు. లాసటర్ ఆరేళ్ళు చొక్కా నలగకుండా ఆడాడంటే అది డ్వేన్ నడుము పుణ్యం. డ్వేన్‌ది టొలీడోయే. తూర్పు ఒడ్డున హంగేరియన్ల పేటలో పుట్టాడు, తండ్రి గాజు ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసి పోయాడు. పదకొండేళ్ళు ఒకే చొక్కా. రెండు మోకాళ్ళూ అరిగాయి. అతను కోరుకున్నది ఇంకొక్క ఏడాది, అది కూడా ఈ ఊళ్ళోనే ఆడి ఆపేయడం. ఆ సంగతి కూరగాయల కొట్టువాడికి కూడా తెలుసు.

దానికి ముందు ఆగస్టులో ఏం జరిగిందో చెప్పాలి. తను విసిరే బంతులు అందుకోడానికి టెరెల్ ఓక్స్ అనే రిసీవర్ కావాలని లాసటర్ పట్టుబట్టాడు. లెక్కలో ఓక్స్‌కు చోటు చాల్లేదు. డ్వేన్‌ను ముప్ఫై లక్షలు తగ్గించుకోమని అడుగుదామన్నాడు బెలింజర్. మామూలుగా నాలాంటివాడు ఆటగాడితో నేరుగా మాట్లాడడు, ఏజెంట్ల ద్వారానే నడుస్తుంది. అయినా నన్నే పంపాడు. మంచి కబురైతే తనే ఫోన్ చేస్తాడు, చెడ్డ కబురుకు ఇంకొకణ్ణి తోస్తాడు, అది అతని పద్ధతి. నేను ప్రాక్టీసు మైదానం అంచున నిలబడి డ్వేన్‌తో అన్నాను, ఈ ఏడాది ఓర్చుకో, పై ఏడాది నీదే, నా మాట నమ్ము అని. అతను ఐస్ డబ్బా మూత మీద కాగితం పెట్టుకుని, వేళ్ళకు చుట్టిన పట్టీలు విప్పకుండానే సంతకం చేశాడు. చదవలేదు. నా ముఖం చూసి పెట్టేశాడు.

నమ్మినవాణ్ణి ఉత్తచేతులతో పంపడం నాకు చేతకాలేదు. అందుకని ఆ ఒప్పందంలో ఒక వాక్యం రాశాను. రాబోయే ఏడాది జీతం ఎనభై లక్షలూ, లీగ్ ఆఖరి ఆట ముగిసిన అయిదో రోజుకు డ్వేన్ జట్టులో ఉంటే ఖాయమైపోతుంది. ఆ అయిదో రోజు ఫిబ్రవరిలో వస్తుంది. సాధారణంగా జట్లు ఆ గడువును మార్చిలో పెట్టుకుంటాయి, అప్పుడైతే ఖాయం కాకముందే మనిషిని గెంటేయొచ్చు. నేనేం దాచలేదు. కాగితం బెలింజర్ బల్ల మీద రెండు రోజులు ఉంది, ఆ వాక్యం కింద పెన్సిల్‌తో గీత కూడా గీశాను. గోల్ఫ్‌కు వెళ్ళే హడావిడిలో అతను చివరి పేజీ తిప్పి సంతకం గీకాడు.

అందుకని ఆ బుధవారం పదకొండింటికి నేను చెప్పాల్సి వచ్చింది. సాబో జీతం నెల కిందటే ఖాయమైపోయింది. తీసేసినా ఇవ్వాల్సిందే, లెక్కలో చూపాల్సిందే, ఒక్క డాలరు మిగలదు. బెలింజర్ కాగితం తెప్పించుకుని మూడుసార్లు చదివాడు. పదకొండేళ్ళు ఆడిన మనిషి జట్టు నుంచి పోతాడని అతనికి చీమ కుట్టినట్టయినా లేదు, వాక్యం ఒకటి తన కళ్ళుగప్పిందని మాత్రం ముఖం ఎర్రబడింది. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. మా ఆఫీసుకు ఈ సామెత ఒక్కటి చాలు.

గదిలో రెండు చుట్లు తిరిగి, ఇంకో దారి కోసం రెండున్నర దాకా ఎవరెవరికో ఫోన్లు చేశాడు, ఏదీ కుదరలేదు. తరవాత ఒక చీటీ మీద నాలుగు ముక్కలు రాసి నా ముందుకు తోశాడు. సాబోకు ఫోన్ చెయ్యాలట. ఎనభై లక్షల జీతంలో డెబ్భై లక్షలు వదులుకోమనాలట. ఒప్పుకోకపోతే నాలుగింటికి తీసేస్తామని చెప్పాలట. ఏజెంటును అడిగి చెప్తానంటే, పది నిమిషాలే టైముందనాలట.

"తీసేస్తే మనకేం మిగలదని పొద్దున్నేగా చెప్పాను," అన్నాను.

"అది నీకూ నాకూ తెలుసు. వాడికి తెలీదు. నువ్వు చెప్తే వింటాడు, ఆగస్టులో విన్నాడుగా."

ఆ మాటకు నా చెవుల్లోంచి ఆవిరి వచ్చింది. ఆగస్టులో నేను అబద్ధం చెప్తున్నానని నాకు తెలియదు. ఇవాళ తెలిసి చెప్పమంటున్నాడు. బెలింజర్ తనే నంబరు నొక్కి, స్పీకర్ పెట్టి, చేతులు కట్టుకుని నా ఎదురుగా కూర్చున్నాడు.

"ఏంటి పెద్దాయనా," అన్నాడు డ్వేన్. "నీ ఫోనొచ్చిందంటే జేబు పట్టుకోవాలి నేను."

వాళ్ళమ్మ సింకు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడట, పైపు బిగిస్తున్నాడు. వెనక ఆవిడ ఏదో గొణుగుతోంది. మేనేజర్ గారు పక్కనే ఉన్నారు, వింటున్నారు అని ముందే చెప్పాను. అవతల పానా నేల మీద పెట్టిన చప్పుడైంది. చీటీలో ఉన్నది ఉన్నట్టు చదివాను, డెబ్భై లక్షలు వదులుకోమంటున్నారు అని. తీసేస్తామన్న ఆఖరి ముక్క దగ్గర నా నోరు ఆగిపోయింది.



"కాదంటే తీసేస్తారు కదా," అన్నాడు డ్వేన్. "చూడు లీ, ఇవన్నీ నాకు అర్థం కావు. ఆగస్టులో నువ్వు పెట్టమన్నావు, పెట్టాను. ఇప్పుడూ నువ్వే చెప్పు. పెట్టమంటే పెడతా. ఇంకొక్క ఏడాది ఇక్కడ ఆడనిస్తే చాలు నాకు."

బెలింజర్ నా వంక చూసి తల ఊపాడు. పని అయిపోయినట్టే అనుకున్నాడు. ఆ తల ఊపడం నేను చచ్చేదాకా మరిచిపోను. డబ్బు కోసం కూడా కాదు, ఒక ఏడాది ఆడనిస్తే చాలని మోకాళ్ళు అరిగినవాడు అడుక్కుంటుంటే, వీడు తల ఊపుతున్నాడు.

"పెట్టొద్దు," అన్నాను.

బెలింజర్ కుర్చీలో ముందుకు వంగాడు. నేను ఆగలేదు.

"నీ జీతం ఫిబ్రవరిలోనే ఖాయమైంది డ్వేన్. నిన్ను తీసేసినా వీళ్ళకు దమ్మిడీ మిగలదు, అందుకని తీసెయ్యరు. ఇది ఒట్టి బెదిరింపు. ఇవాళ ఈ ఆఫీసు నుంచి ఎవరు ఫోన్ చేసినా సంతకం పెట్టకు. మళ్ళీ నేనే చేసినా సరే."

"ఆయన విన్నాడా ఇదంతా?"

"విన్నాడు."

"నీ పని గోవిందా అన్నమాట."

"అది నేను చూసుకుంటాను. నువ్వు మాత్రం పెట్టకు."

"సరే అయితే," అన్నాడు డ్వేన్. "అమ్మ సింకు ఇంకా కారుతోంది," అని పెట్టేశాడు.

బెలింజర్ అరవలేదు. అరిచినా బాగుండేది. ఎవరి జీతం తింటున్నావని మెల్లగా అడిగాడు. మీ సంతకం ఉన్న కాగితమే చదివి వినిపించానన్నాను. ఇవాళ్టితో నీకూ ఈ జట్టుకూ సరి అన్నాడు. అని గడియారం చూశాడు, మూడు కావస్తోంది, గీతకు అవతల ఇంకా డెబ్భై లక్షలు. ఆ లెక్క తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. వెళ్ళగొట్టినవాణ్ణే మళ్ళీ కూర్చోమన్నాడు.

మిగిలిన దారి ఒకటే, ఓక్స్. లాసటర్ ముచ్చటపడితే డ్వేన్ జేబు కోసి తెచ్చిన ఆ రిసీవరే. అతన్ని తీసేస్తే డెబ్భై రెండు లక్షలు మిగులుతాయి. ఓక్స్ చేసిన తప్పేమీ లేదు. కిందటి వారమే ఊళ్ళో ఇల్లు తీసుకున్నాడని, భార్యకు నెలలు నిండాయని నాకు తెలుసు. ఒకణ్ణి కాపాడితే ఇంకొకడి మెడ మీద పడేలా కట్టిన లెక్క ఇది. కట్టినవాడి మెడ మీద ఎప్పుడూ పడదు. మూడు నలభైకి ఆ కాగితం నా చేత్తోనే రాసి పంపాను. ఓక్స్‌కు ఫోన్ చేసి చెప్పే పని కూడా బెలింజర్ నా మీదికే తోశాడు. చేశాను. నాతో ఎందుకు చెప్పిస్తున్నారు, ఆయన లేడా అని అడిగాడు ఓక్స్. ఉన్నాడు, మాట్లాడడు అన్నాను.

పందొమ్మిదేళ్ళ సామాను ఒక అట్టపెట్టెలో పట్టింది. కారు ఎక్కి తాళం తిప్పగానే రేడియో మాట్లాడింది. బెలింజర్ అప్పుడే విలేకరుల ముందు కూర్చున్నాడు. సాబోను కూడా వదులుకుంటారని పుకారు వచ్చింది కదా అని ఎవరో అడిగారు.

"డ్వేన్‌ను వదులుకోవాలన్న ఆలోచన మాకు ఒక్క క్షణం కూడా రాలేదు," అన్నాడు బెలింజర్. "ఆగస్టులో అతనికి మాటిచ్చాం. ఈ జట్టులో మాటంటే మాటే."

అక్కడున్న విలేకరులు చప్పట్లు కొట్టలేదు గానీ, రేడియోలో వ్యాఖ్యానం చెప్పే ఇద్దరూ మెచ్చుకున్నారు. నేను స్టీరింగ్ మీద రెండు చేతులూ వేసుకుని, కారు కదపకుండా అలాగే ఉండిపోయాను. అలవాటు చావక లెక్క కట్టాను. లాసటర్ వెళ్ళినందుకు జట్టు మీద పడింది ఆరు కోట్ల పది లక్షలు. ఓక్స్ వెళ్ళినందుకు పద్దెనిమిది లక్షలు. డ్వేన్‌ను పంపుదామంటే వాళ్ళకు గిట్టుబాటు కాలేదు. నేను వెళ్ళినందుకు ఎంత పడుతుందో కూడా చూశాను. ఏమీ పడదు. ఆటగాణ్ణి కాదుగా.